మహానది: వాడిన చట్టం, వాడని చట్టం

న్యూఢిల్లీ: నదుల విషయమై పార్లమెంటు 1956లో రెండు చట్టాలు చేసింది. రాష్ట్రాల మధ్య తగవు వస్తే తీర్చడానికి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం ఒకటి. తగవు రాకముందే కలసి ఆలోచించడానికి నదీ మండలుల చట్టం మరొకటి. మొదటి చట్టం కింద కృష్ణా, గోదావరులతో మొదలుకొని ట్రిబ్యునళ్ళు వరుసగా వెలిశాయి. రెండవ దాని కింద నేటి వరకు ఒక్క మండలి కూడా ఏర్పడలేదు. ఈ ఉపేక్షకు చెల్లించిన మూల్యం ఎంతో భిలాయి నుంచి చూస్తే తెలుస్తుంది.

తెలుగు కార్మిక కుటుంబాలు అనేకం స్థిరపడిన ఈ ఉక్కు నగరం 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితం. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఏటా 10 లక్షల టన్నుల లక్ష్యంతో మొదలైన కర్మాగారం సామర్థ్యాన్ని 70 లక్షల టన్నులకు పెంచారు. దీనికి ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి వచ్చింది. నీరు మాత్రం బ్రిటిష్ హయాంలో వరి పొలాల కోసం నిర్మించిన తాందుల జలాశయం నుంచి వచ్చింది. తరువాత మహానది మీది గంగ్రేల్ జలాశయం కూడా తోడయింది.

తాందుల శివనాథ్‌లోను, శివనాథ్ మహానదిలోను కలుస్తాయి. సుమారు 1,41,600 చదరపు కిలోమీటర్ల మహానది పరీవాహక ప్రాంతంలో సగానికి పైగా ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. మిగిలినది దాదాపు అంతా ఒడిశాది. దిగువన హీరాకుడ్ ఆనకట్టను 1957 జనవరిలో నెహ్రూ ప్రారంభించారు. ఎగువ ఉక్కు, దిగువ ఆనకట్ట ఇంచుమించు ఒకే కాలంలో, కేంద్రం పూనికతోనే అవతరించాయి. ఆ రెంటి నీటి లెక్కను ఒకే బల్ల మీద పరిశీలించే సంస్థ మాత్రం అవతరించలేదు.

ఆ లోటు క్రమంగా బయటపడింది. 1998లో దుర్గ్ సమీపాన బోరాయ్ పారిశ్రామిక వాడకు నీరందించే పేరిట శివనాథ్ నదిలో ఇరవై కిలోమీటర్లకు పైబడిన భాగాన్ని 22 ఏళ్ళపాటు ఒక ప్రైవేటు సంస్థ అజమాయిషీకి అప్పగించారు. పిదప మహానది మీద కల్మా, సారడీహా, బసంత్‌పూర్ మొదలైన చోట్ల ప్రధానంగా పరిశ్రమల కోసం బ్యారేజీలు లేచాయి. ఒడిశా 2016లో కేంద్రానికి ఫిర్యాదు చేసింది, సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. 2018 మార్చిలో ట్రిబ్యునల్ ఏర్పడింది.

అయితే ఒడిశా ప్రభుత్వం చేతులూ శుభ్రంగా లేవు. హీరాకుడ్ నీటిని పరిశ్రమలకు కేటాయించడాన్ని నిరసిస్తూ 2007 నవంబరులో వేలాది రైతులు జలాశయం వద్దకు తరలివెళ్ళి పోలీసు లాఠీలను ఎదుర్కొన్నారు. కాబట్టి అసలు వివాదం రాయ్‌పూర్, భువనేశ్వర్ల మధ్య కాదు; పొలానికీ కర్మాగారానికీ మధ్య. ట్రిబ్యునల్ ముందు వాదించేది ప్రభుత్వాలే. దుర్గ్ రైతుకూ, సంబల్‌పూర్ రైతుకూ అక్కడ విడిగా ఆసనం లేదు.

ట్రిబ్యునళ్ళ జాప్యం తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. కృష్ణా జలాలపై 2004లో ఏర్పడిన రెండవ ట్రిబ్యునల్ ముందు రెండు దశాబ్దాల తరువాత కూడా వాదనలు సాగాయి. జాప్యాన్ని తగ్గించే ఉద్దేశంతో 2019లో లోక్‌సభ ఆమోదించిన సవరణ బిల్లు రాజ్యసభ దాటలేదు. 2024లో లోక్‌సభ రద్దుతో కాలదోషం పట్టింది. ఆ బిల్లు కూడా తగవు తీర్చడం గురించే గాని, తగవు రాకుండా చూడడం గురించి కాదు. పైగా బైలదిల్లా ఇనుప గనుల ఎర్ర బురద శంఖిని, డంకిని వాగుల మీదుగా ఇంద్రావతి వైపు, అంటే మన గోదావరి వైపే సాగుతుంది. ఈ సమస్య ఒడిశాది మాత్రమే అనుకోవడం పొరపాటు.

రెండు ప్రపంచ యుద్ధాల్లో శత్రువులైన దేశాలు సైతం రైన్ నది కాలుష్యంపై 1950లోనే ఒక ఉమ్మడి కమిషన్ నెలకొల్పుకున్నాయి. 1986లో స్విట్జర్లాండులోని బాసెల్ వద్ద రసాయన గిడ్డంగి తగలబడి నది విషమయమైనప్పుడు, మరుసటి ఏడే ఉమ్మడి కార్యక్రమం సిద్ధం చేసుకోగలిగాయి. ఒకే రాజ్యాంగం కింద ఉన్న మన రాష్ట్రాలకు అది అసాధ్యం కారాదు.

మహానది విషయంలో ఉభయ రాష్ట్రాలు 2025లో చర్చలకు సంసిద్ధత తెలిపాయి. మంచిదే. కాని కార్యదర్శుల సమావేశాలు ప్రభుత్వాల చిత్తవృత్తిని బట్టి నడుస్తాయి, ఆగిపోతాయి. నదీ మండలికి చట్టబద్ధమైన హోదా ఉంటుంది. కాలుష్య నివారణ సైతం దాని పరిధిలోనిదే. రాష్ట్రాలను సంప్రదించి, వాటి అభ్యర్థన లేకున్నా మండలిని నెలకొల్పే అధికారం కేంద్రానికి 1956 నుంచీ ఉంది. ఆ అధికారాన్ని ఒక్కసారైనా ఎందుకు వినియోగించలేదని మన సభ్యులు ఉభయ సభల్లో నిలదీయాలి.