బావంచాలకూ పరీక్ష పెట్టాల్సిందే

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, మలేరియా క్రిమి జాడ పట్టాడు. ఆ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందని గ్రీకు వైద్యులూ, వారి విద్యకు వారసులైన హకీంలూ, యూరప్ డాక్టర్లూ శతాబ్దాల పాటు ఒకే మాటగా చెప్పారు. ఆ మాటకు దోమ పొట్టతో నూకలు చెల్లాయి.

అక్కడికి కాస్త దూరంలోనే, ఎర్రగడ్డలో, ఆ హకీంల వైద్యమైన యునానికి చెందిన చర్మవ్యాధుల జాతీయ పరిశోధన సంస్థ ఉంది. బొల్లి మచ్చలకు మందు కోసం దశాబ్దాలుగా జనం అక్కడికి వస్తున్నారు. బొల్లికి యునాని నమ్ముకున్న సరుకు బావంచాలు. ఆ నల్లటి చిన్న గింజలను నూరి మచ్చకు పట్టించి ఎండలో కూర్చోబెడతారు. సమయం మించితే బొబ్బలెక్కుతాయి. ఇది మూఢనమ్మకం కాదు. ఆ గింజల్లో సోరాలెన్ అనే రసాయనం ఉంది. దాని జాతి రసాయనాన్నే అతినీలలోహిత కిరణాలతో జతచేసి 1970ల నుంచి ఆధునిక చర్మవైద్యులూ వాడుతున్నారు. అవే గింజలు కొందరి కాలేయాన్ని దెబ్బతీసిన ఉదంతాలూ వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎవరికి మేలు, ఎవరికి చేటు? పాత గ్రంథం తేల్చలేదు.

మన చట్టం మాత్రం గ్రంథం దగ్గరే ఆగింది. ఔషధ నిబంధనల్లోని 158-బి ప్రకారం, ప్రామాణిక యునాని గ్రంథంలోని మందును ఉన్నదున్నట్టు అదే జబ్బుకు తయారుచేస్తే భద్రతా అధ్యయనం అక్కర్లేదు, రోగులపై ట్రయల్ అక్కర్లేదు. ఈ మినహాయింపును ఎత్తేయాలి.

వందల ఏళ్లుగా వాడుతున్నాం, ఇంకా రుజువెందుకని కొందరంటారు. ఢిల్లీ యునాని వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ అలా అనలేదు. రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీని ఢిల్లీ తిబ్బియా కాలేజీలో పరిశోధనకు పురమాయించింది ఆయనే. సర్పగంధ వేరు నుంచి 1931లో సిద్దిఖీ వేరుచేసిన పదార్థం అజ్మలీన్. ఆ పేరు హకీం గారిదే. గుండె లయలో దాగిన ఒక లోపాన్ని బయటపెట్టడానికి యూరప్ కార్డియాలజిస్టులు ఇప్పటికీ దాన్ని వాడతారు. పరీక్షించకుండానే నవ్వి తోసేసే అల్లోపతి పెద్దలకు ఈ కథ చేదుగా ఉంటే ఉండనివ్వండి.

ఎర్రగడ్డ మందునూ, సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో బొల్లికిచ్చే చికిత్సనూ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది ఇచ్చారో మచ్చలు కొలిచే డాక్టరుకు తెలియకుండా పరీక్షించాలి. నయం కానివారి లెక్కతో సహా ఫలితాలు అచ్చువేయాలి. దీనికి నిధులు కావాలి, అనుమతులు కావాలి. ఈలోగా గాంధీ ఓపీలో డాక్టర్లు చీటీ రాసే ముందు "హకీం మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడగొచ్చు. దానికి జీవో అక్కర్లేదు.