గోడ మీద మట్టి గీత

గోడ మీద పెన్సిల్ అంత మందాన మట్టి గీత కనిపిస్తే చీపురుతో దులిపేసి ఊరుకుంటున్నారా? మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అది బగ్‌ను వదిలేసి ఎర్రర్ మెసేజ్‌ను చెరిపేయడమే. మన ఇళ్లను తినే చెదల గూడు ఎక్కువగా నేలలోనే ఉంటుంది. ఒంట్లో తడి ఆరితే చెదపురుగు బతకదు. అందుకే నేల నుంచి కర్ర దాకా మట్టితో సొరంగం కట్టుకుంటూ వస్తుంది. మీరు దులిపింది దాని రోడ్డును మాత్రమే. మళ్లీ వేసుకుంటుంది.

సిద్దిపేటలో కొత్త ఇల్లు కట్టేవాళ్లు దర్వాజ నిలబెట్టే రోజు పసుపు, కుంకుమ, మామిడాకులు ఏదీ మర్చిపోరు. బేస్‌మెంట్ నింపేటప్పుడు మాత్రం విరిగిన సెంట్రింగ్ చెక్కలు, చెట్ల మొదళ్లు మట్టితోపాటే లోపలికి పోతుంటాయి. అంటే చెదలను మనమే పిలిచి అన్నం పెట్టినట్టు. కింద తిండి అయిపోయాక అవి చూసేది పైనున్న దర్వాజ వైపే. కాబట్టి నింపే ముందు చెక్కముక్క కూడా మిగలకుండా ఏరించండి. కాంక్రీట్ పడకముందే ఆ మట్టికి చెదల మందు కొట్టించాలి. దీనికి ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణమే ఉంది. కట్టేసిన ఇళ్ల కోసం అందులో మూడో భాగం. మేస్త్రీ ‘ఏం కాదు సార్’ అంటే ఇంకోసారి అడగండి. పక్కన బావి, బోరు ఉంటే మందు పని తెలిసినవాళ్లకే అప్పజెప్పాలి.

‘టేకుకు చెదలు పట్టవు’ అనే మాట సగమే నిజం. గట్టిగా నిలిచేది చేవ ఉన్న భాగం. అంచున లేత రంగులో ఉండే కర్రను చెదలు హాయిగా తింటాయి. చవకగా వస్తోందని కొనేముందు కోసిన వైపు తిప్పి చూడండి.

ఊళ్లో పెంకుటిల్లు ఉంటే పొయ్యి కట్టెలు గోడకు ఆనించి పేర్చొద్దు. రాళ్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. బాత్‌రూమ్ గోడ చెమ్మగిల్లితే, దాని వెనక ప్లైవుడ్ అల్మారా చేయించే ముందు లీకేజీ ఆపించండి. ఇంకోటి, కాగితం కూడా చెదలకు తిండే. నేలకు ఆనిన పాత సందూకలో పట్టాదారు పాస్‌బుక్, టెన్త్ మెమో ఉంటే ఈరోజే తీసి చూడండి.

తొలివానకు ట్యూబ్‌లైట్ చుట్టూ మూగే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే. బయటి నుంచి వస్తే లైటు ఆర్పేస్తే సరి. ఇంట్లోనే గోడ పగులు నుంచి బయటకొస్తుంటే, కిటికీ కింద రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తుంటే మాత్రం గూడు మీ ఇంటి కిందే ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో దర్వాజ అడుగున కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే మందు కొట్టేవాళ్లను పిలవాల్సిందే.