దీపం ఆర్పితే మిగిలేదెంత?

తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు 5 గంటల చొప్పున నెలంతా వెలిగితే కాలే కరెంటు 1.35 యూనిట్లు. ఇంట్లో అలాంటివి మూడుంటే నాలుగు యూనిట్లు. ఛత్తీస్‌గఢ్‌లో తొలి శ్లాబు ధర యూనిట్‌కు నాలుగు రూపాయల చుట్టూ ఉంది. రాయ్‌పూర్ జిల్లాలో అభన్‌పూర్, ఆరంగ్, తిల్దా వైపు పల్లెల్లో ఏ కూలి కుటుంబమైనా నాలుగు డబ్బులు వెనకేసుకుందామని దీపాలన్నీ మానేస్తే నెలాఖరుకు మిగిలేది పదహారు రూపాయలు. ఆ ఇంటికి దారిద్య్రరేఖ కార్డు ఉంటే అదీ మిగలదు. 'ఏకల్ బత్తీ' కనెక్షన్‌కు నెలకు 30 యూనిట్ల దాకా ఎలాగూ ఉచితమే. కరెంటుకు బదులు చిమ్నీ, అంటే మన కిరసనాయిలు బుడ్డి, వెలిగించుకుంటే నష్టం ఇంకా ఎక్కువ. రేషన్ కిరసనాయిలుకు కేంద్రం 2020లోనే రాయితీ ఎత్తేసింది. ఇప్పుడు లీటరు ధర ఆ పదహారు రూపాయలను ఎప్పుడో దాటిపోయింది.

అయినా జనం దీపాలు ఆర్పుతారు. వాళ్లకు లెక్క తెలియదని నగరవాసి తేల్చేస్తాడు. నిజానికి లెక్క తెలియనిది అతనికే. పల్లె ఇంట్లో బిల్లును పెంచేది దీపం కాదు, ఫ్యాను. 75 వాట్ల పాత ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్లు దాటుతుంది. మే నెలలో రాయ్‌పూర్ ఎండకు పగలు కూడా తిప్పితే ఒక్క ఫ్యానుకే 54 యూనిట్లు. ఉచిత 30 యూనిట్లు అక్కడే ఆవిరైపోతాయి. పసిపిల్లలో, ముసలివాళ్లో ఉన్న ఇంట్లో ఫ్యాను కట్టేయలేరు. కట్టేయగలిగింది దీపమే, దాన్నే కట్టేస్తారు.

ఈ 30 యూనిట్ల కొలత ఒక్క బల్బు కాలం నాటి ఆలోచన. 1980లలో అర్జున్ సింగ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో పేదల ఇళ్లకు ఏక్‌బత్తీ కనెక్షన్లు ఇచ్చారు. ఆ దశాబ్దం చివర్లో కేంద్రం కుటీర్ జ్యోతి తెచ్చింది. 60 వాట్ల బల్బు ఒక్కటే నెలకు 9 యూనిట్లు తినే రోజులవి. అప్పుడు దీపం ఆర్పడం నిజమైన పొదుపే. 2015లో ఉజాలా పథకంతో ఎల్‌ఈడీలు చవకయ్యాక వెలుగు ఖర్చు ఆరో వంతు కన్నా కిందికి పడిపోయింది. అలవాటు మాత్రం మిగిలిపోయింది, దాన్ని నిలబెట్టే భయమూ మిగిలిపోయింది.

ఆ భయానికి మొదటి కారణం బకాయి. కూలి డబ్బు రోజు గడవడానికే చాలదు. సన్నకారు రైతుకు నవంబరు నుంచి జనవరి దాకా సాగే ధాన్యం కొనుగోళ్లప్పుడే కాస్త నగదు కళ్లబడుతుంది. బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. వాడినా వాడకపోయినా స్థిర రుసుము పడుతుంది. గడువు తప్పితే సర్‌చార్జి తోడవుతుంది. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇచ్చి కనెక్షన్ తీసేయొచ్చు. ఇన్ని తెలిసిన ఇల్లాలు మీటరు తిరగడమే ప్రమాదమనుకుంటే తప్పు పట్టగలమా?

రెండో కారణాన్ని ప్రభుత్వాలే సృష్టించాయి. 2019 మార్చిలో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం 400 యూనిట్ల దాకా సగం బిల్లు మాఫీ చేసింది. 2025 ఆగస్టులో విష్ణుదేవ్ సాయ్ ప్రభుత్వం దాన్ని 100 యూనిట్లకు కుదించింది. అది దాటితే రాయితీ లేదంది. గోల రేగాక డిసెంబరులో మళ్లీ 200కు పెంచింది. ఆ వంద గీత దగ్గర ఒక్క యూనిట్ ఎక్కువైతే బిల్లు దాదాపు రెట్టింపయ్యేది. మన తెలంగాణలో గృహజ్యోతికీ 200 దగ్గర ఇలాంటి అగాధమే ఉంది. నెలాఖరుకు మీటరు ముందు నిలబడి చూసుకునే ఇళ్లు మనకూ తక్కువేమీ కాదు.

కుదింపును సమర్థించుకుంటూ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఓ లెక్క చెప్పింది: 45 లక్షల గృహ వినియోగదారుల్లో 31 లక్షల మంది వాడకం నెలకు వంద యూనిట్ల లోపే. అంటే పేదలకు నష్టం లేదన్నమాట. ఆ 31 లక్షల్లో 90 యూనిట్లు వాడే ఇళ్లెన్ని, తొమ్మిది యూనిట్లతో నెట్టుకొచ్చే ఇళ్లెన్ని? లెక్కలో అది కనిపించదు. మన విద్యుదీకరణ గణాంకాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. పది శాతం ఇళ్లకు తీగ చేరితే ఊరంతా విద్యుదీకరించినట్టేనన్న నిర్వచనంతోనే 2018 ఏప్రిల్ 28న దేశంలోని ప్రతి గ్రామానికీ కరెంటు చేరిందని ప్రకటించారు. సౌభాగ్య పథకం కింద 2.86 కోట్ల ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. ఇది చిన్న పని కాదు, ఒప్పుకోవాలి. కానీ కనెక్షన్‌ను లెక్కపెట్టిన యంత్రాంగం వెలుగును లెక్కపెట్టలేదు.

ఛత్తీస్‌గఢ్‌కు కరెంటు కొరత లేదని గుర్తుంచుకోవాలి. కోర్బా బొగ్గు మీద దేశమే బతుకుతోంది. రాయ్‌పూర్ పక్కన సిల్తరాలో స్పాంజ్ ఐరన్ కొలుములు రాత్రింబవళ్లు నడుస్తాయి. 2015 ఒప్పందంతో మడ్వా ప్లాంటు నుంచి వెయ్యి మెగావాట్లు తెలంగాణకు రాసిచ్చారు. ఆ కొనుగోలు మీద తర్వాత బకాయిల తగాదా నడిచింది, 2024లో విచారణ కమిషన్ కూడా పడింది. రెండు ప్రభుత్వాలు వేల కోట్ల బకాయిపై ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు. కూలివాడి బకాయికి ఆ వెసులుబాటు ఉండదు.

ముందున్నది ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల కాలం. డబ్బు అయిపోతే కరెంటు దానంతటదే పోతుంది. లైన్‌మన్ రానక్కర్లేదు, నోటీసు కాగితం కనబడదు. చీకట్లో ఉన్న ఇంటిని రీచార్జి చేసుకోని ఇల్లంటారు. బ్రిటన్‌లో ఇలాంటి మీటర్లను బలవంతంగా బిగించడంపై 2023 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థే కంపెనీలను ఆపమనాల్సి వచ్చింది. అక్కడ చలికి వణికారు, ఇక్కడ ఉక్కపోతకు చస్తారు.

గీత దాటగానే మొత్తం రాయితీ పోయే పద్ధతి ఆగాలి. ఉచిత యూనిట్ల లెక్కలో వేసవి ఫ్యానుకు చోటుండాలి. పేదల బకాయిలను పంట చేతికొచ్చే నెలలకు వాయిదాలు వేయాలి. అన్నిటికన్నా ముందు, నెలకు పది యూనిట్లు కూడా వాడని ఇళ్లెన్ని, బకాయికి తీగ తెంపిన ఇళ్లెన్ని అన్నది జిల్లాలవారీగా బయటపెట్టాలి. ఆ వివరాలు డిస్కంల బిల్లింగ్ రికార్డుల్లో ఉండేవే. రాయ్‌పూర్‌తో పాటు హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, విశాఖ డిస్కంలు కూడా వాటిని ఏటా ప్రకటించాలి.