కట్టప్ప జీతమెంత?

మాహిష్మతి రాజ్యంలో ఎకరాకు శిస్తు ఎంతో మీలో ఎవరికైనా తెలుసా? మాకైతే తెలియదు. రెండు భాగాలు కలిపితే ఐదు గంటలకు పైనే ఉన్న సినిమా అది. 2015 జూలై 10న మొదటిది, 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చాయి. 2025 అక్టోబర్ 31న రెండూ కోసి కుట్టి మళ్లీ వదిలారు. మా మౌలాలి వాడ పిల్లలు మూడుసార్లూ పోయిండ్రు. మేమూ పోయినం, దాచుకునేదేముంది? ఏనుగును చూశాం, జలపాతం చూశాం, బంగారు విగ్రహం చూశాం. దున్నేవాడు మాత్రం ఎక్కడో పాట మధ్యలో, చేతులు జోడించడానికి తప్ప కనబడడు. అంత సైన్యం తిన్న తిండి ఏ ఊరి కళ్లంలోంచి వచ్చింది? ఆ కత్తులు కొట్టిన కొలిమి ఎవరిది? ఆ గుర్రాల జీన్లకు తోలు ఊనినవాడు ఏ వాడలో ఉంటాడు? ఐదు గంటల్లో ఐదు నిమిషాలు కూడా వాళ్ల మీద కెమెరా నిలవలేదు.

"అరే, అది కట్టుకథ. లేని దేశానికి లెక్కలేందిరా" అంటారు. మేం చెప్పేదీ అదే. లేని దేశాన్ని కట్టేవాడికి అడ్డేముంది? మేఘాల మీద పడవ నడిపించారు. భాష కావాలనుకుంటే వందల మాటలతో కిలికి అని కొత్త భాషే పుట్టించారు. ఇన్ని పుట్టించగలిగిన బుర్రకు బానిస లేని రాజ్యం ఒక్కటి పుట్టించడం ఎందుకు చేతకాలేదు? నీళ్లకూ కొండలకూ లేని కట్టడి కట్టప్ప దగ్గరికొచ్చేసరికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ రాజ్యం సర్కారు ఎట్లా నడుస్తదో చూడండి. ఇద్దరు పసిపిల్లల్లో ఎవరు రాజవుతారో ఒక రాజమాత తేలుస్తుంది. ఆమె నోటి మాటే చట్టం. బిజ్జలదేవుడి చెయ్యి వంకర, ఆయన గుణం కూడా వంకరేనని చూపిస్తారు. అంగవైకల్యానికీ దుర్మార్గానికీ ముడిపెట్టే ఈ అలవాటు మన కథలకు పాతదే. శత్రునాయకుణ్ణి ఎవడు చంపితే వాడు రాజు అని పోటీ పెడతారు. చివరికి జనాన్ని కాపాడినవాణ్ణి ఎంచుకున్నారు కదా అని మీరనొచ్చు. ఎంచుకున్నది ఎవరు? జనమా? పట్టాభిషేకం రోజున జనం చేసిన పని నేల అదిరేట్టు తొక్కి అరవడం. రాజు మంచోడైతే జై, చెడ్డోడైతే ఏడుపు. ఈ రెండు తప్ప మూడో పని మాహిష్మతి ప్రజకు లేదు. పంచాయతీ ఎన్నికల్లో మన వార్డు మెంబర్లకు ఉన్నపాటి మాట కూడా వాళ్లకు లేదు.

ఈ రోగం బాహుబలితో మొదలు కాలేదు. 1947 జూలైలో చందమామ పుట్టినప్పటి నుంచి మన పిల్లలు అర్ధరాజ్యాల కథలు చదువుతూనే ఉన్నారు. రోగం నయం చేసినవాడికి అర్ధరాజ్యం, పొడుపు విప్పినవాడికి అర్ధరాజ్యం. ఆ సగంలో ఉన్న ఊళ్లను ఎవడూ అడగడు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోట రాముడు తోటమాలి కొడుకు, మనవాడే అనుకుందాం. రాజకూతురు కావాలంటే సంపద తెమ్మన్నాడు రాజు. రాముడు తెచ్చాడు. చెమట పట్టకుండా బొమ్మను అడిగి మేడ తెచ్చుకున్నాడు. తోటపని చేసేవాడు తోటపని చేస్తూ గౌరవంగా బతకగల రాజ్యాన్ని మాత్రం ఆ బొమ్మను కూడా ఎవరూ అడగలేదు.

అర్ధరాజ్యం ఇచ్చేయడం కథ అనుకుంటున్నారా? మా మౌలాలి గుట్ట కింద మాహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో పోయిందామె. ఉర్దూలో దివాను రాసిన గొప్ప కవయిత్రి, ఆమె మీద మాకు పగ లేదు. నిజాం కొలువు ఆమెకు జాగీర్లు ఇచ్చింది. జాగీరంటే ఏంది? ఊరినిచ్చేయడం. ఊరితోపాటు చెరువునూ, చెరువు కింద పంటనూ, పంట వెనక చాకిరీనీ ఇచ్చేయడం. హైదరాబాదు రాజ్యంలో దాదాపు మూడోవంతు ఇట్లా జాగీర్ల కింద ఉండేది. ఇంకో పదోవంతు నిజాం సొంత ఖర్చుల కోసం సర్ఫెఖాస్. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యేదాకా ఇదే నడిచింది. అర్ధరాజ్యం మన తాతలకు చందమామ కథ కాదు, పటేలు పట్వారీ ఇంటి ముందు నిలబడి కట్టిన లెక్క.

ఇక కట్టప్ప. రెండేళ్లు దేశమంతా అడిగింది కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. టీవీలు అడిగాయి, కాలేజీ పిల్లలు అడిగారు. మా వాడలో మాత్రం మొదటి ఆట చూసొచ్చిన రోజే ఒక ముసలామె చెప్పింది: "దొర జెప్పిండు, జీతగాడు చేసిండు. దాంట్ల ఎందుకేంది?" రెండో భాగంలో తేలిందీ అదే. రాజమాత చంపమంది, చంపాడు. ఆయన తాతముత్తాతలెవరో సింహాసనానికి మాటిచ్చారు కాబట్టి వంశమంతా బానిసలట. పరదేశపు ఆయుధాల వ్యాపారి వచ్చి విడిపిస్తానంటే కూడా వద్దంటాడు. దాన్ని చూసి హాలంతా చప్పట్లు. మేం చప్పట్లు కొట్టలేకపోయాం.

ఎందుకంటే ఆ మాట మాకు తెలుసు. తెలంగాణ ఊళ్లల్లో దానికి వెట్టి అని పేరు, భగేలా అని పేరు, జీతం అని పేరు. తాత తీసిన అప్పుకు మనవడు పశువులు కాసేవాడు. మాదిగిండ్ల నుంచి రోజూ ఒక మనిషి దొర గడికి పోవాలె. చెప్పులు కుట్టియ్యాలె, మోటబొక్కెనకు తోలియ్యాలె, చీటీ పట్టుకుని పొరుగూరికి ఉరకాలె. కూలి అడగొద్దు. 1936లో నిజాం సర్కారు భగేలా మీద ఒక కట్టడి రాసింది, కాగితం మీద. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నేరమన్నది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం ఏం చెప్తదో ఊళ్లో పనిచేసే మన కార్యకర్తలు కంఠతా పెట్టాలె: పెద్దలు తీసుకున్న బాకీ, ఆచారం, వారసత్వంగా వచ్చిన బాధ్యత, ఫలానా కులంలో పుట్టడం, వీటిలో ఏది చూపి చాకిరీ చేయించుకున్నా అది నేరం. ఆ బాకీ చెల్లదు. మనిషి ఆ రోజునుంచే విడుదల. కట్టప్ప మీద ఉన్న కేసు సరిగ్గా ఇదే. ఆర్డీవో ఒక్క కాగితం మీద తేల్చే సంగతిని రెండు భాగాల త్యాగం చేసి చూపించారు. కట్టప్పను హీరో "మామా" అని పిలుస్తాడు, నిజమే. మా ఊళ్లల్లో దొరలు కూడా జీతగాణ్ణి వరసలు పెట్టి పిలిచేవాళ్లు. వరస కలిపినంత మాత్రాన చిట్టా చింపలేదు. చివర్లో కొడుకు సింహాసనం ఎక్కాడు. కట్టప్ప కట్టు తెగినట్టు ఎక్కడా చూపలేదు.

కట్టప్పకు కనీసం మర్యాద దక్కింది. కాలకేయులకు అదీ లేదు. పురాణాల్లో రాక్షసులకు పెట్టిన పేరు తీసుకొచ్చి నల్లరంగు పూసి, పళ్లకు గార పట్టించి, మనకర్థం కాని భాష నోట్లో పెట్టి నిలబెట్టారు. వాళ్లకు ఊరుందా, పంటుందా, పిల్లలున్నారా, అడగొద్దు. నరకడానికే పుట్టారు. సినిమా వచ్చిన నెలలోనే బడిలో మా నల్లటి పిల్లగాళ్లను తోటివాళ్లు కాలకేయ అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్లు కూడా నవ్వి ఊరుకున్నారు, అదే మాకు ఎక్కువ మండింది. 2015 జూలైలోనే మదురైలో అరుంధతీయులు లేచారు. తమిళ మాటల్లో వాళ్ల కులాన్ని కించపరిచే పదం ఉందని నిలదీస్తే, మాటలు రాసిన మదన్ కార్కి క్షమాపణ చెప్పాడు. కిలికి పుట్టించిందీ ఆయనే. కొత్త భాష కనిపెట్టినా పాత తిట్టు వదల్లేదన్నమాట.

యుద్ధానికి ముందు దున్నను బలియ్యాలి. చెడ్డోడు నరికేస్తాడు, మంచోడు తన చెయ్యి కోసుకుని నెత్తురు అర్పిస్తాడు. బోనాలకు పోచమ్మ ముందు ఏటను కోసే మనం ఏ పక్కన ఉన్నట్టు? ఆ మంచోడే కాసేపటికి వేలమంది కాలకేయుల్ని నరుకుతాడు. దున్న ప్రాణం మీద ఉన్న దయ నల్లమనిషి దగ్గర ఆగిపోయింది.

ఆ రాజ్యాన్ని నిజంగా కట్టిన కూలీల మాట కూడా చెప్పుకోవాలె. మాహిష్మతి ఉన్నది రామోజీ ఫిలిం సిటీలో, మనకు బస్సు దూరం. చెక్క కోసినవాళ్లు, ప్లాస్టరు పోసినవాళ్లు, లైట్లు మోసినవాళ్లు, అన్నం వండినవాళ్లు మన బస్తీల్లాంటి చోట్లనుంచే పోతారు. రెండో భాగం వెయ్యి కోట్లు దాటింది. తెలుగు సినిమా కార్మికులు 2025 ఆగస్టులో 30 శాతం కూలి పెంచమని పద్దెనిమిది రోజులు పని ఆపాల్సి వచ్చింది. రోజుకు 2,000 లోపు కూలి ఉన్నవాళ్లకు చివరికి ఒప్పుకున్నది 22.5 శాతం, అదీ మూడేళ్లల్లో విడతలుగా. తెర మీద విగ్రహం ఎత్తుతూ తాళ్లు లాగేవాళ్లు తూలిపడితే హీరో వచ్చి తాడు పట్టుకుంటాడు. కృష్ణానగర్‌లో ఎవరూ రాలేదు, వాళ్ల తాడు వాళ్లే పట్టుకున్నారు.

సినిమా సినిమాగానే ఉంటే మేం ఇంత కాగితం ఖర్చు పెట్టేవాళ్లం కాదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి కట్టడాల రూపురేఖల కోసం బాహుబలి దర్శకుణ్ణే సలహా అడిగింది. అసెంబ్లీ ఎట్లుండాలో మాహిష్మతి కట్టినాయనను అడిగారు. అదే అమరావతి భూసమీకరణలో మెట్ట పట్టా భూమికి ఎకరాకు 1,000 గజాల ఇంటి జాగా అన్నారు, దళితుల చేతుల్లో ఉన్న అసైన్డ్ మెట్టకు 800 అన్నారు. ఒకే నేల, ఒకే గట్టు, ఒకే రాజధాని. తూకంలో తేడా మనిషిని బట్టి. ఆ 200 గజాలు ఏమైనయని అడగడానికి ఏ దర్శకుడూ అక్కర్లేదు.

మొన్న మా వాడలో ఈ మాటలన్నీ చదివి వినిపించాం. చిన్నతనంలో ఎనిమిదేళ్లు జీతమున్న పెద్దాయన ఒకరు చివరిదాకా మాట్లాడలేదు. బీడీ ఆర్పి ఒకటే అడిగిండు:

"గా కట్టప్పకు పెండ్లాం పిల్లలు లేరానయ్యా? ఉంటే ఆ పిలగాడు ఇప్పుడు ఎవరింట్ల ఉన్నడు?"