లాభం ఎవరికి చేరాలి?

వ్యాపారం వేరు, సేవ వేరు, ఈ రెంటినీ కలపరాదని మన పెద్దలలో చాలామందికి గట్టి నమ్మకం. కామర్సు విద్యార్థి లాభనష్టాల పట్టిక నేర్చుకొని కళాశాల విడిచిపోతాడు. సంఘసేవ అనగానే మనకు చందాపుస్తకమే జ్ఞప్తికి వస్తుంది. చందాలు తరిగిన నాడు సేవ కూడా ఆగిపోతుంది. అట్లు గాక, తన ఖర్చులు తానే సంపాదించుకుంటూ సంఘానికి మేలు చేసే వ్యాపారం సాధ్యమా? సాధ్యమేనని నా అభిప్రాయం. కాని దానికొక షరతు ఉన్నది. ఆ షరతును మరచినందుకు మన తెలుగునేల పెద్ద మూల్యమే చెల్లించింది.

1974లో బంగ్లాదేశ్‌ను కరవు పీడించినప్పుడు చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధిస్తున్న ముహమ్మద్ యూనస్‌కు తాను చెప్పే సిద్ధాంతాలు శుష్కంగా తోచాయి. ఆయన పొరుగున ఉన్న జోబ్రా గ్రామానికి వెళ్లడం ప్రారంభించారు. అక్కడ వెదురుపీటలు అల్లే ఒక స్త్రీ వెదురు కొనేందుకు వర్తకుని వద్ద అప్పు చేసేది. తయారైన పీటలను అతడు నిర్ణయించిన ధరకు అతనికే అమ్మేది. రోజంతా శ్రమిస్తే మిగిలేది అర టాకా! అటువంటి 42 మంది అప్పు లెక్కకట్టగా మొత్తం 856 టాకాలు, అనగా 27 డాలర్లు, అయింది. 1976లో ఆ సొమ్మును యూనస్ తన జేబునుండే ఇచ్చారు. అయితే జేబు ఎంతకాలం సరిపోతుంది? ఆయన బ్యాంకును ఆశ్రయించారు. బీదల వద్ద తాకట్టు పెట్టడానికి ఏమున్నదని బ్యాంకు ప్రశ్నించింది. చివరకు ఆయనే హామీదారుగా నిలిచారు. ఆ ప్రయత్నమే 1983లో గ్రామీణ బ్యాంకుగా రూపొందింది. ఐదుగురేసి సభ్యులు గల బృందాలు, వారం వారం వాయిదాలు, బ్యాంకు వాటాలలో అత్యధిక భాగం అప్పు తీసుకున్న స్త్రీలదే. 2006లో యూనస్‌కు, బ్యాంకుకు కలిపి నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ఈ పద్ధతి అప్పులకే పరిమితం కాలేదు. 1996లో ఏర్పడిన గ్రామీణ శక్తి సంస్థ కరెంటు లేని పల్లెలలో సౌరదీపాలను వాయిదాలపై అమ్మింది. కిరోసిన్ పొగలో చదువుకునే పిల్లలకు వెలుగు వచ్చింది, పొగ తగ్గింది. ఇది దానం కాదు, అమ్మకమే. మన దేశంలో మదురై అరవింద కంటి ఆస్పత్రి కూడా 1976లో 11 పడకలతో మొదలై, డబ్బు చెల్లించగలవారి రుసుముతోనే చెల్లించలేని వారికి శస్త్రచికిత్సలు చేస్తూ పెరిగింది.

ఇక మన సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు అవే మహిళా బృందాలతో, అవే వారపు వాయిదాలతో పల్లెపల్లెకూ విస్తరించాయి. పైకి చూస్తే జోబ్రాకూ దీనికీ తేడా కనిపించదు. తేడా అంతా యాజమాన్యంలో ఉన్నది. ఇక్కడి పెద్ద సంస్థలలో వాటాదారులు దూరంగా ఉన్న మదుపరులు. 2010లో ఒక సంస్థ వాటాలు స్టాకు మార్కెట్టుకు సైతం చేరాయి. అప్పు ఎంత పెరిగితే వాటా ధర అంత పెరుగుతుంది కదా! ఒకే ఇంటికి నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి వాయిదా తీర్చేందుకు మరొకరి వద్ద చేయి చాచవలసి వచ్చింది. వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగినట్లు వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వడ్డీ అసలును మించరాదని శాసించింది. తరువాత వసూళ్లు కుప్పకూలాయి, బీదలకు అప్పు పుట్టడమే కష్టమయింది.

గ్రామీణ బ్యాంకు కూడా వడ్డీ తీసుకుంటుంది గదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. నిజమే, ఆ బ్యాంకుపై విమర్శలు లేకపోలేదు. కాని యూనస్ తరువాతి కాలంలో ప్రతిపాదించిన సామాజిక వ్యాపారంలో మదుపరి తన అసలు మాత్రమే తిరిగి పొందుతాడు; లాభం సంస్థలోనే ఉండి, ఉద్దేశించిన పనికే వినియోగమవుతుంది. నేను చెప్పిన షరతు ఇదే. దీనిని సంస్థ నియమావళిలోనే వ్రాసుకోవాలి. స్థాపకుని మంచితనానికి వదిలివేయరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన గేటు ముందు తోపుడుబండ్లవారిలో ఉదయం అప్పు తెచ్చి సాయంత్రం వడ్డీతో చెల్లించేవారు ఎందరో మనలో ఎవరూ లెక్కించలేదు. రానున్న విద్యాసంవత్సరంలో కామర్సు విద్యార్థులకు ఆ లెక్క తీసే పని అప్పగించండి. ఆ లెక్క వచ్చిన తరువాత ఒక చిన్న సహకార నిధి పెట్టవచ్చునా లేదా అని విద్యార్థులను, ఆ బండ్లవారిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి చర్చింపజేయండి.