బొమ్మల పోరాటము – కథా ప్రయోజనము

కథలోని ప్రతి సన్నివేశమును ఆ కథను ముందునకు నడపవలయునా, లేక తనకు తానుగా అందముగా నున్నచో చాలునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నాటకము పుట్టిననాటినుండియు రసజ్ఞులు దీనిని చర్చించుచునే యున్నారు. నేడు ఆ ప్రశ్నయే మఱియొక రంగమున తలయెత్తినది. అభిమానులు తమ యుత్సాహము కొలది నిర్మించు బొమ్మల లఘుచిత్రములే ఆ రంగము.

ఈ లఘుచిత్రములు ఎట్టివో ముందుగా తెలిసికొనుట మంచిది. ఒక సినిమానో, నవలనో, వీడియో ఆటనో మిక్కిలి ప్రేమించినవారు అందలి పాత్రలను తీసికొని, తమ చేతితోనో, కంప్యూటరు సాయముతోనో బొమ్మలు గీచి, వానికి చలనము కల్పింతురు. ఇందు జీతము లేదు; పెట్టుబడి పెట్టు ధనికుడు లేడు. నిడివి తఱచుగా కొలది నిమిషములే. ఇట్టి చిత్రములలో పెక్కింటియందు పోరాటమే ప్రధానము. ఇద్దఱు వీరులు ఎదురుపడుదురు, కత్తులు మెఱయును, గోడలు కూలును, చిత్రము ముగియును. వారేల పోరిరో, పోరి యేమి సాధించిరో చెప్పువారుండరు. ఇది తగదని కొందఱును, తగకేమి యని కొందఱును వాదించుచున్నారు.

మొదటి పక్షమువారి వాదము బలమైనదే. కథ యనునది దండ వంటిది. అందు ఇతివృత్తము దారము, సన్నివేశములు పూవులు. దారము లేని పూవులు ఎంత పరిమళించినను కుప్పయగునే కాని దండ కానేరవు. పోరాటము ముగిసిన పిదప పాత్రల స్థితిలో ఏ మార్పును రానిచో, ఆ పోరాటము జరిగిననేమి, జరుగకున్ననేమి? భరతుని నాట్యశాస్త్రము యుద్ధమును, మరణమును, నగరపు ముట్టడిని రంగముపై ప్రత్యక్షముగా చూపక, ప్రవేశకముల ద్వారా తెలియజేయవలయునని చెప్పినది. యుద్ధపు సందడికంటె యుద్ధఫలమే కథకు ముఖ్యమని చెప్పువారు ఈ నియమమును తమకు ప్రమాణముగా చూపవచ్చును.

రెండవ పక్షమువారును తక్కువవారు కారు. కదలికయందే ఒక సౌందర్యము కలదని వారి మాట. కోలాటము చూచువాడు “ఇందు కథ యేది?” అని యడుగడు. కోలలు తాళముతో కలియుటయే అతనికి ఆనందము. తెలుగునాట తోలుబొమ్మలాట నెఱిగినవారికి ఈ సంగతి బాగుగా తెలియును. రామాయణ కథ నడచుచుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరపైకి వచ్చి, నవ్వించి పోవుదురు. రాముని కథకు వారితో ఇసుమంతయు పని లేదు. అయినను వారు లేని ఆటను జనులు మెచ్చరు. అదియును గాక, అభిమానుల చిత్రములను చూచువారు ఆ పాత్రల కథను ముందే యెఱిగినవారు. రామాయణము తెలిసినవానికి రావణుడెవ్వడో మరల చెప్పనక్కఱ లేదు గదా! తెలిసిన కథను తిరిగి చెప్పుటకంటె, చూడని పోరాటమును చూపుటయే మేలని వీరి వాదము.

ఇరువురి మాటలయందును సత్యము కలదు. ఏది యెంతవఱకు సత్యమో ఉదాహరణముల వలననే తేలవలయును.

1981వ సంవత్సరమున జపాను దేశమందలి ఒసాకా నగరములో వైజ్ఞానిక కల్పనాకథల అభిమానుల మహాసభ జరిగినది. దానికి దైకాన్ అని పేరు. సభారంభమున చూపుటకై కొందఱు యువకులు ఒక చిన్న బొమ్మల చిత్రమును సిద్ధపఱచిరి. వారిలో హిదేఆకి అన్నో, హిరోయుకి యమాగా, తకామి అకాయి అనువారు ఒసాకా కళావిశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిరి. జపాను భాషలో ముల్లంగిని కూడ దైకాన్ అనియే పలుకుదురు. ఆ శ్లేషయే వారి కథకు బీజము.

ఆ చిత్రమున ఆకాశమునుండి దిగివచ్చినవారు ఒక బడిపిల్లకు గ్లాసెడు నీరిచ్చి, ముల్లంగికి పోయుమని చెప్పుదురు. ఆమె బయలుదేరును. త్రోవలో యంత్రకవచము ధరించిన యోధులు, రాక్షసాకారములైన మృగములు, అంతరిక్ష నౌకలు ఆమె నడ్డగించును. వీపునకు తగిలించుకొన్న పుస్తకముల సంచియే ఆమెకు వాహనము. పోరాటములో ఒకచో ఆమె స్పృహ తప్పి ఆకాశమునుండి పడిపోవుచు, నీటి గ్లాసు మనస్సునకు తట్టగా కనులు తెఱచి, అది నేలపాలు కాకముందే అందుకొనును. తుదకు ఆ నీటిని ఎండిన ముల్లంగికి పోయగా అది అంతరిక్షనౌకగా మారి పైకి లేచును.

ఈ చిత్రమున పోరాటములు మెండు. కథ మాత్రము ఒక వాక్యమున చెప్పదగినది. అయినను ఒక్క పోరాటమైనను వ్యర్థమని తోచదు. ఏలన, చూచువాని కన్ను వీరుల ఆయుధముల మీద గాక, పిల్ల చేతిలోని గ్లాసు మీద నిలిచియుండును. నీరు ఒలికిపోవునేమో యను భయమే ప్రతి దెబ్బకును బరువు కల్పించుచున్నది. ఇతివృత్తము పెద్దది కానక్కఱ లేదనియు, గ్లాసెడు నీరంత యైనను చాలుననియు ఈ చిత్రము తెలుపుచున్నది.

ఆ మిత్రబృందమే 1983లో మఱియొక మహాసభకై రెండవ చిత్రమును తీసినది. ఇందు మునుపటి బాలిక పెరిగి యువతియైనది. ఎగురుచున్న ఖడ్గముపై నిలిచి ఆకాశవీథుల సంచరించును. సినిమాలనుండియు, కథలనుండియు తెచ్చిన లెక్కకు మిక్కిలి పాత్రలు ఆమె కెదురగును. ఈమాఱు చేతిలో గ్లాసు లేదు. చేరవలసిన చోటు లేదు. ఎందులకు పోరునో చెప్పు మాట లేదు. మొదటి పక్షమువారి కొలతతో కొలిచినచో ఈ చిత్రము ఓడిపోవలసినదే. కాని తుదిభాగమున అణుబాంబును స్ఫురింపజేయు ఘోరమైన పేలుడు కలుగును. ఆ పేలుడునుండి చెఱ్ఱీపూల రేకులు గాలివానవలె వీచి లోకమును కప్పును. నశించిన నేల మరల మొలకెత్తును. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడిన దేశమున యువకులు గీచిన బొమ్మయిది. ఇతివృత్తము లేకున్నను ఇందు భావము కలదు. విధ్వంసము వసంతముగా మారవలయునను ఆకాంక్ష కలదు. ఈ బృందములోనివారే 1984లో గైనాక్స్ అను చిత్రనిర్మాణ సంస్థను నెలకొల్పిరి.

ఇక అమెరికాకు చెందిన మాంటీ ఊమ్ అను యువకుని సంగతి. ఇతడు స్వయంకృషితో కంప్యూటరు బొమ్మల విద్య నభ్యసించినవాడు. 2007లో ఇతడు రెండు వేర్వేరు వీడియో ఆటలలోని యోధులను ఎదురెదురుగా నిలిపి హేలాయిడ్ అను లఘుచిత్రమును వెలువరించెను. ఆ యేడే డెడ్ ఫాంటసీ అను చిత్రమాలికను మొదలిడెను. అందును రెండు ఆటల నాయికలు పోరుదురు. వేగమునందు, కదలికల కల్పనయందు ఇతనికి సాటి వచ్చువారు అరుదు. ఎందఱో యువకులు ఈ చిత్రములను చూచి ఈ విద్యయందు ఆసక్తులైరి. అయినను నిష్పక్షపాతముగా చూచినచో ఒక లోపము కానవచ్చును. ఎవరు గెలిచినను, ఎవరు ఓడినను చూచువానికి కలుగు నష్టము లేదు. ఒక దెబ్బను మించి మఱియొక దెబ్బ వచ్చుచుండగా, ఆశ్చర్యము అలవాటై, అలవాటు అలసటయగును. ఉగాది పచ్చడిలో ఆఱు రుచులుండుటచేతనే ఒక్కొక్క రుచియు తెలియుచున్నది; కారమే పెట్టినచో నాలుక మొద్దుబాఱును.

ఈ సంగతి ఊమ్‌నకు తెలియకపోలేదేమో! పిదప ఇతడు సొంత పాత్రలతో ఆర్‌డబ్ల్యుబివై అను చిత్రమాలికను కల్పించెను. 2012లో వెలువడిన దాని తొలి ప్రకటన చిత్రమున ఎఱ్ఱని ముసుగువస్త్రము ధరించిన బాలిక మంచునేలపై ఒక సమాధి యొద్ద నిలిచియుండును. అచ్చటినుండి మరలి పోవుచు తోడేళ్లవంటి మృగములతో పోరును. సంభాషణ లేదు. కాని సమాధి యొద్ద నిలిచిన ఆ క్షణము వలన తరువాతి పోరాటమునకు క్రొత్త అర్థము వచ్చినది. చూచువాడు ఆమె కొడవలిని మాత్రమే గాక, ఆమె ఒంటరితనమును కూడ చూచుచున్నాడు. 2015లో తన 33వ యేట ఊమ్ మరణించుటచే ఆతని శక్తి పూర్తిగా వికసించుట లోకము చూడకయే పోయినది.

నాలుగవ ఉదాహరణము ఆస్టార్టీస్ అను చిత్రము. వార్‌హామర్ 40,000 అను బల్లపై ఆడు యుద్ధక్రీడ నాధారముగా గొని, సయామా పెడర్సన్ అను కళాకారుడు 2018 మొదలు 2020 వఱకు ఐదు భాగములుగా దీనిని నిర్మించెను. కవచధారులైన సైనికులు శత్రునౌకలో ప్రవేశించి ముందునకు సాగుటయే ఇందలి విషయము. మాటలు మిక్కిలి స్వల్పము. అయినను ఆ సైనికుల స్వభావమంతయు తెలిసిపోవును. వారు తొందరపడరు, అఱవరు, వృథాగా దెబ్బ కొట్టరు. ఒకని కదలికను మఱియొకడు మాటాడకయే గ్రహించును. వారి శిక్షణయు, కాఠిన్యమును, వారియందు లోపించిన జాలియు పోరాటము వలననే ప్రకటితములైనవి. ఇచ్చట పోరాటము కథకు సేవ చేయుట లేదు, పోరాటమే కథయైనది.

ఈ నాలుగింటిని కలిపి చూచినచో వివాదమునకు సమాధానము దొరకును. పోరాటము ఇతివృత్తమునకు దాసియై యుండవలయునను నియమము మఱీ ఇఱుకైనది. ఆ నియమమును పాటించినచో రెండవ దైకాన్ చిత్రమును త్రోసివేయవలసి వచ్చును. పోరాటమునకు ఏ బాధ్యతయు లేదనుటయు సరి కాదు. అట్లనినచో గ్లాసెడు నీటి విలువ తెలియకపోవును. పోరాటము ఇతివృత్తమునకో, పాత్ర స్వభావమునకో, ఒక భావమునకో ఈ మూడింటిలో ఒకదానికైనను తోడ్పడవలయును. కేతిగాడు సైతము ఊరకే రాడు. యుద్ధపు బరువుచే అలసిన మనస్సునకు సేద దీర్చుటకే వచ్చును. అతడు కథకు చుట్టము కాకున్నను ఆటకు చుట్టమే.

దీనిని పరీక్షించుటకు సులభమైన యుపాయము కలదు. చిత్రములోని ఇద్దఱు యోధులను తొలగించి, వారి స్థానమున వేఱిద్దఱిని నిలిపి చూడవలయును. అప్పుడును పోరాటము ఏమియు మారక సాగినచో, అది ఎవ్వరి పోరాటమును కాదని తెలియును. వీరుడు కత్తి పట్టు తీరులో, వెనుకకు తగ్గు తీరులో, పడిన శత్రువును చూచు చూపులో అతని మనస్సు కనుపడవలయును. కనుపడినచో కథ చెప్పినట్లే.

ఈ విచారణ విద్యార్థుల కేల యని ఎవరైన నడుగవచ్చును. కారణము కలదు. బొమ్మల చిత్రములకు సాధారణముగా క్షణమునకు 24 ఫ్రేములు కావలయును. నిమిషమునకు 1440. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడినను నిమిషమునకు 720 బొమ్మలు గీయవలయును. ఐదు నిమిషముల చిత్రమునకు 3600. జీతము లేక, చదువుల నడుమ, నిద్ర మానుకొని అభిమాని చేయు శ్రమ ఇంతటిది. తన యౌవనములో కొంత భాగమును వెచ్చించి గీచిన ఆ బొమ్మలు చూచువాని కన్నులలో మెఱసి మాయమగుటయా, లేక మనస్సున నిలుచుటయా యన్నదే ఇచ్చటి ప్రశ్న.

అభ్యాసమునకై తీయు చిత్రములను ఈ కొలతతో కొలువరాదు. గరిడీలో సాము చేయువానిని “నీ శత్రువెవ్వడు?” అని యడుగుట అవివేకము. చేయి తిరుగువఱకు కత్తి త్రిప్పవలసినదే. కదలిక పట్టుబడువఱకు పోరాటములు గీయవలసినదే. కాని సాము వేఱు, సమరము వేఱు. గరిడీ విడిచి పదిమంది యెదుట నిలిచిననాడు, తాను దేనికొఱకు పోరుచున్నాడో వీరునికి తెలిసియుండవలయును. బొమ్మ గీచువానికి అంతకుముందే తెలిసియుండవలయును.