ఒలువవచ్చునన్న పూత

సూరతు నగరమున ఉధ్నా, పాండేసరల సరసనున్న బమ్రోలి పేరు చెప్పినంతనే మరమగ్గముల మ్రోత చెవిని సోకినట్లుండును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలసపోయి ఆ నగరపు వస్త్రపరిశ్రమకు తమ భుజబలమును ధారవోసిన తెలుగు నేతకుటుంబములలో కొందరికి, ఇన్నాళ్ల కష్టము ఫలించి, పాతదో కొత్తదో యొక కారు ఇంటిముందు నిలుపుకొను స్థితి నేడు సమకూడినది. పాతకారు యజమానిని ఇంజను ఏటనో యొకమారు బాధించును గాని, దాని లోపలి రూపము ప్రతిదినమును బాధించును. గేరుకడ్డీ చుట్టునున్న నల్లని నిగనిగల పలకపై గీతలు పడును. తలుపులోపలి ప్లాస్టిక్కు వెలవెలబోవును. కొన్ని కార్లలో మెత్తని స్పర్శకొరకు కర్మాగారమునందే పూసిన పాలీయురిథేను పొర, గాలిలోని తేమకు క్రమముగా విచ్ఛిన్నమై, వ్రేళ్లకంటుకొను జిగురుగా మారును. సముద్రమునకు దాపుననుండి వానకాలమంతయు ఉక్కపోతలో మునిగియుండు సూరతువంటి నగరమున ఈ జాడ్యము త్వరితముగ ముదురుటలో వింతలేదు.

దీనికి రెండు చికిత్సలు కలవు. మొదటిది, గరుకుకాగితముతో రుద్ది, ప్రైమరు పూసి, మామూలు రంగు వేయుట. అది నచ్చకపోయినచో పలకనే మార్చుకొనవలెను. రెండవది, ఎండినపిదప రబ్బరుతొడుగై నిలిచి, అక్కరలేనినాడు పాము కుబుసమువలె ఊడివచ్చు స్ప్రేపూత. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ‘ప్లాస్టీ డిప్’ అను పేరుతో 1972లో వెలువడిన ఈ సరకు, ఆదియందు పటకారుల పిడులను ముంచి పట్టు కల్పించుటకు ఉద్దేశింపబడినది. కార్లవారి కన్ను దానిపై పడినది తరువాతి మాట. అసలు పలకను చెఱుపక దానిపై నిలుచునట్టియు, మనసు మారినపుడు వెనుకకు మరలనిచ్చునట్టియు ఈ పద్ధతియే ఉత్తమమని నా అభిప్రాయము. చట్టపు చిక్కును లేదు: 1988నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములకు విరుద్ధమైన మార్పులను నిషేధించుచున్నది గాని, డాష్‌బోర్డు రంగు ఆ పత్రమునకెక్కదు.

ఐతే ఈ పూతకుగల సుగుణమంతయు దాని మందములోనే యున్నది. పలుచని పొర ఒలువబోయినచో ముక్కలుముక్కలై చినుగును. దానిని గోళ్లతో గీకి, ద్రావకముతో తుడిచి, చివరకు క్రింది ప్లాస్టిక్కునే పాడుచేయవలసివచ్చును. నాలుగైదు పూతలు, పూతకు పూతకు నడుమ అరగంట యెడము, పిమ్మట కొన్ని గంటల ఆరుదల, ఇంతయు జరిగిననే అది తొడుగగును. రెండుపూతలతో సరిపెట్టి, “ఎప్పుడైన తీసివేసికొనవచ్చును” అని చెప్పి సొమ్ము పుచ్చుకొను పనివాడు రంగు వేసినవాడగును గాని, అమ్మినదానిని ఇచ్చినవాడు కాడు. గుడ్డను కంటికెత్తి పోగుల సాంద్రతను పసిగట్టి బేరమాడు నేతవాడే తన కారుపలకపై పూతలెన్ని పడినవో అడుగకుండుట మరియు చిత్రము!

పూతకు ముందుపనియే అసలు పని. ఏండ్లతరబడి రాసిన డాష్‌బోర్డు పాలిష్‌లోని సిలికోను మిగిలియున్నచో రబ్బరు పట్టదు. జిగురుగా మారిన పాతపొరను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పూర్తిగ తొలగింపవలెను. మగ్గాలషెడ్ల నడుమ నూలునూగు ఎగురుచుండు చోట తడిపూతపై అది వ్రాలి నిలిచిపోవును గనుక, తెరచాటు తప్పదు. చేయి నిత్యము రాపిడిచేయు ఆర్మురెస్టుకును, స్టీరింగునకును ఈ పూత తగదు. ఎయిర్‌బ్యాగు మూతపై నెన్నడును పూయరాదు, అది ప్రమాదసమయమున తన కుట్టుజాడవెంట పగులవలసిన భాగము.

ఇక వాసనసంగతి. ఈ స్ప్రేలలోని నాఫ్తా, టోలుయీను మొదలగు ద్రావకములు సులభముగ మండునవి, ఆవిరిగా పీల్చినచో తలతిప్పునవి. పలకలను విప్పక, కారు అద్దములు మూసి లోపలనే స్ప్రేచేయుట, అందును ముక్కున గుడ్డకట్టి పదునారేండ్ల కుఱ్ఱవానిచేత చేయించుట, క్షమింపరాని పని. ఆర్గానిక్ వేపరుకొరకు చేసిన కార్ట్రిడ్జి మాస్కు కావలెను. గుడ్డ ధూళినే ఆపజాలును. పలకలు విప్పి, గాలియాడు చోట పనిచేసి, వాసన పూర్తిగ పోయినపిదపనే మరల బిగింపవలెను. దీనివలన కూలి పెరుగునందురు, పెరుగవలసినదే.

కావున బమ్రోలిలో గాని మన ఊళ్లలో గాని ఈ పని చేయింపదలచినవారికి నా మనవి యొక్కటి: మీ పలకలను అప్పగించుటకుముందు ఒక పాత ప్లాస్టిక్కుముక్కపై పూత వేయించి, మరునాడు మీ చేతులతోనే ఒలిచిచూడుడు. అది చినుగక ఒక్క తొడుగుగా రానిచో, ఆ కొట్టు విడిచి మరియొక కొట్టునకు పొండు.